ముక్కుగారు, మూడు పీపాలు

అతనికి గొప్ప ముక్కుందని కనిపెట్టింది ఇతరులు. పెళ్లయ్యేదాకా ఆ అవయవాన్ని అతను కూడా అందరిలాగే కళ్లజోడు నిలబెట్టుకోవడానికీ, జలుబు చేస్తే చీదుకోవడానికీ వాడుకుంటూ వచ్చాడు. సిమెంటు గోదాములో సూపర్‌వైజరుకి అంతకు మించిన ముక్కుతో పనేముంది? పొద్దస్తమానం దుమ్ములో నిలబడి, సాయంత్రానికి ఒళ్లంతా బూడిద రంగుతో ఇంటికి చేరేవాడు. అలాంటివాణ్ని తీసుకెళ్లి మద్యం కొట్టు మేడమీద కుర్చీలో కూర్చోబెట్టి 'ముక్కుగారు' అని పిలిచారంటే, ఆ పిలిచినవాళ్లు ఎలాంటివాళ్లో ముందు చెప్పుకోవాలి.

మామగారిది అల్లాటప్పా మద్యం కొట్టు కాదు. అక్కడ అమ్మేది ఒంటి పీపా కోన్యాక్, ఫ్రాన్సు నుంచి వచ్చే ద్రాక్ష బ్రాందీ. మామూలు కోన్యాక్ అంటే ఎన్నో పీపాల సరుకు కలిపి, ఏటేటా ఒకే రుచి వచ్చేలా చూసి సీసాలకెత్తుతారు. ఒంటి పీపాలో ఆ కలపడం ఉండదు. ఓక్ చెక్క పీపాలో ఏళ్ల తరబడి మాగిన సరుకు, ఆ పీపా నంబరుతోనే సీసాల్లోకి దిగుతుంది. ఆ సీసాలు కాస్తా ఖాళీ అయితే ఆ రుచి లోకంలో మరి దొరకదు. డబ్బున్నవాళ్ల మతి పోవడానికి ఈ ఒక్క మాట చాలు. పక్కింటివాడికి దొరకదని చెబితే ఆముదం కూడా లొట్టలేసుకుంటూ తాగే రకం వాళ్లు.

ఆ కొట్టుకి సభ్యులని ఒక గుంపు ఉంది. రిటైరైన జడ్జిగారు దానికి పెద్ద. కళ్ల డాక్టరు ఆయనకి కుడిభుజం. మిగిలినవాళ్లు వీళ్లిద్దరూ తల ఊపితే తామూ ఊపుతారు. ఏటా ఒకసారి మూడు పీపాల నుంచి తీసిన నమూనాలు చిన్న సీసాల్లో వస్తాయి. మేడమీద గదిలో సభ్యులంతా చేరి, మూడింటినీ వాసన చూసి, రుచి చూసి, ఒకదానితో ఒకటి పోల్చుకుంటారు. చివరికి ఫలానా పీపా కొందామని తేల్చి చెప్పేది మాత్రం కిటికీ పక్కన ఎత్తు వీపు కుర్చీలో కూర్చున్నవాడు. ఆ మాట మీదే పీపా మొత్తం కొంటారు, ఆ మాటనే సీసా మీద అచ్చు వేస్తారు.

పెళ్లయిన కొత్తలో, మర్యాద కోసం అతన్ని కూడా ఆ గదిలోకి పిలిచారు. అందరూ గ్లాసులు తిప్పుతున్నారు, కళ్లు మూస్తున్నారు, మూలుగుతున్నారు. ఎవరికీ మాట దొరకడం లేదు. జడ్జిగారు అతని వైపు తిరిగి, "కొత్తల్లుడేమంటాడు?" అన్నారు, అనడానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి. అతను గ్లాసులో ముక్కు పెట్టాడు. ఏదో తడి తడిగా, చెక్క చెక్కగా తగిలింది.

"వాన వెలిసిన అడవిలా ఉందండి" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక అతను అడవిలో కాలు పెట్టలేదు. అయినా ఆ మాటకి గదంతా గ్లాసులు తిప్పడం ఆపేసింది. జడ్జిగారు గ్లాసు మళ్లీ ముక్కుకి ఆనించుకుని, "అదే! అదేనయ్యా! ఇందాకట్నుంచీ నాలిక చివర ఆడుతోంది, మాట తట్టడం లేదు" అన్నారు. కళ్ల డాక్టరు కళ్లు తుడుచుకున్నాడు. వెనక కూర్చున్నవాళ్లు కూడా తలా ఒక అడవి చూసేశారు. అంతే, సిమెంటు గోదాముకి రాజీనామా, అల్లుడికి కుర్చీ.

అప్పట్నుంచి అతని కాళ్లు నేల మీద లేవు. వీధిలో నడిస్తే రుమాలు ముక్కుకి అడ్డం. ఇంట్లో ఉల్లిపాయలు వేయించకూడదు, సబ్బుకి వాసన ఉండకూడదు, భార్య సెంటు రాసుకుంటే ఆ పూట హాల్లోకి రాకూడదు. రుచి చూసే రోజున పళ్లు ఉప్పుతో తోముకునేవాడు. చుట్టాలింటికి భోజనానికి వెళితే ముద్ద నోట్లో పెట్టుకునే ముందు వాసన చూసి, ఒక క్షణం ఆలోచించి, అప్పుడు తినేవాడు. వండినావిడ ప్రాణం ఉసూరుమనేది.

భార్య ఒక్కతే అతని ముక్కుని లెక్కచేసేది కాదు.

"ఏమండీ ముక్కుగారూ, పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే కుర్చీలో కదలకుండా కూర్చున్నారే! మీ అడవిలో పాలు మాడవా?"

"అది వేరు, ఇది వేరు. నీకు చెప్పినా అర్థం కాదు" అనేవాడు.

అతనికి లోకంలో అందరి మీదా చిన్నచూపే. సభ్యులంటే చిన్నచూపు, ఎందుకంటే వాళ్లు అతను చెప్పిందే చెబుతారు. చెప్పకపోయినా చిన్నచూపే, ఎందుకంటే వాళ్లకేం తెలుసు? అన్నింటికీ మించి తోడల్లుణ్ని చూస్తే ఒళ్లు మండేది. మామగారి రెండో కూతుర్ని చేసుకున్న ఆ కుర్రాడు అంతకుముందు సెల్‌ఫోన్లు అమ్మేవాడు. ఇప్పుడు కొట్టులో చేరి, సీసాల ఫొటోలు తీసి, వాటి కింద అడవి బొమ్మలు పెట్టి ఊరంతటికీ పంపిస్తున్నాడు. పైగా "అన్నయ్యా, అన్నయ్యా" అని వెంటపడి, అతను గ్లాసు పట్టినట్టే పట్టి, కళ్లు మూసినట్టే మూసి, అతను వదిలినట్టే నిట్టూర్పు వదిలేవాడు.

"అన్నయ్యా, ఇవాళ నాక్కూడా అడవి వచ్చింది! వాన కూడా వెలిసిందన్నయ్యా!"

"నీకొచ్చింది పడిశం" అని మొహం తిప్పుకునేవాడు అన్నయ్య.

ఇలా ఏళ్లు గడిచాక, మామగారు ఒకరోజు ఇద్దరల్లుళ్లనీ కూర్చోబెట్టి మాట చెప్పేశారు. "నాకు ఓపిక తగ్గింది. ఈసారి పీపా ఎంపిక అయ్యాక నేను ఇంట్లో కూర్చుంటాను. ఆ రోజు సభ్యులు ఎవరి మాటకి తల ఊపితే కుర్చీ వాళ్లది. కుర్చీ ఎవరిదో కొట్టు పెత్తనం కూడా వాళ్లదే."

పెద్దల్లుడు పెదవి విరిచాడు. ఇందులో పోటీ ఏముంది? కానీ ఇంటికి వెళ్లాక నిద్ర పట్టలేదు. కొట్టు పెత్తనం పోతే పోయింది, ముక్కు లేకపోతే తనెవరు? సిమెంటు దుమ్ములో నిలబడ్డ ఆ మనిషి మళ్లీ అద్దంలో కనబడతాడేమోనని అతనికి నిజంగా భయం వేసింది.

ఎంపిక రోజు అందరికంటే ముందే కొట్టుకి వచ్చేశాడు. మేడమీద గదిలో గోడ వారగా పాత చెక్క బీరువా ఉంది, మామగారి తండ్రి నాటిది. లోపల అరల్లో మఖమల్ గుడ్డ పరిచి, గ్లాసులన్నీ బోర్లించి పెడతారు. వాటిని బయటికి తీసి పొడిగుడ్డతో తుడవడం అతని పని, ఇంకొకర్ని ముట్టుకోనివ్వడు. నీళ్లతో కడగకూడదనే రూలు కూడా అతను పెట్టిందే. నీళ్లు తగిలితే గ్లాసు చచ్చిపోతుందని ఎక్కడో విన్నాడు. ఎక్కడ విన్నాడో గుర్తులేదు గానీ, సభ్యులకి చెప్పినప్పుడు జడ్జిగారు ఒక నిమిషం మౌనం పాటించినంత పని చేశారు.

గ్లాసులు తుడిచి బల్ల మీద సర్దాడు. నమూనా సీసాలు మూడూ ఇంకా మూత తియ్యలేదు. కాస్త రిహార్సల్ వేసుకుందామని కిటికీ అద్దం ముందు నిలబడ్డాడు. తల ఎంత వంచాలి, కళ్లు ఎప్పుడు మూయాలి, ఎంతసేపు ఊపిరి బిగబట్టాలి, ఇవన్నీ చూసుకోవాలి కదా. ఖాళీ గ్లాసు పట్టుకుని, లేని సరుకుని గుండ్రంగా తిప్పి, లోపలికి ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు.

వాన వెలిసిన అడవి.

ముందు పొంగిపోయాడు. మూత తియ్యని సీసాలోది కూడా తన ముక్కు పట్టేసిందే! ఇలాంటి ముక్కు ఎక్కడైనా ఉందా! ఆ ఆనందంలో రెండో గ్లాసు ఎత్తాడు. అందులోనూ అడవే. మూడోదాంట్లోనూ అడవే. అప్పటికి గానీ మెదడు ముక్కుని అందుకోలేదు. గ్లాసు దించి, బీరువా తలుపులు బార్లా తెరిచి, తల లోపలికి దూర్చాడు.

అడవి మొత్తం అక్కడుంది. మఖమల్ గుడ్డ ముట్టుకుంటే వేళ్లకి చెమ్మ అంటింది. బీరువా వెనక చెక్క ఉబ్బిపోయి, నల్లబడి, గోరు పెడితే దిగిపోతోంది. గోడ అవతల స్నానాల గది. గోడలోంచి దాని గొట్టం కారుతోంది, ఎన్నేళ్ల నుంచో.

అతను నేల మీద చతికిలబడ్డాడు. తన జీవితంలో ఉన్న ఒకే ఒక గొప్ప మాట స్నానాల గది గొట్టంలోంచి కారిందన్నమాట. సీసాల మీద అచ్చయిన మాట, జడ్జిగారి చేత కళ్లు మూయించిన మాట, భార్యని సెంటుకి దూరం చేసిన మాట. అతనికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మూడు గ్లాసులు తీసుకుని పంపు దగ్గరికి వెళ్లి, సబ్బు పెట్టి తోమి, కడిగి, ఆరబెట్టి, మూడు నమూనాల మూతలూ తీశాడు. పీపా నుంచి నేరుగా తీసిన సరుకు కాబట్టి ఘాటు మాడుకెక్కుతుంది. ఒక్కోదాంట్లో రెండు చుక్కల నీళ్లు కలిపాడు. ఇన్నాళ్లూ అది కూడా మహాపాపం అనేవాడు.

మొదటిది ముక్కు దగ్గర పెట్టగానే ఎండిన నారింజ తొక్క, గొంతులో దిగగానే మంట. మొదటి గుటకలోనే అంతా చెప్పేసి ఊరుకుంది. రెండోది తియ్యగా, ముదురు పాకంలా, వెనీలా కేకు కోసినట్టు ఉంది. అందరి చేతా బాగుందనిపించుకోవాలని తెగ తాపత్రయపడే రకం. మింగాక చూస్తే నోట్లో ఏమీ మిగల్లేదు. మూడోదాంట్లో ముందు ఏ వాసనా రాలేదు. పక్కన పెట్టేయబోయి, ఏమీ తోచక అరచేతిలో గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. చేతి వేడికి కాసేపటికి అది మెల్లగా లేచింది. ఎండు ఖర్జూరం, దాని అడుగున అక్రోటు పొట్టు చేదు, ఇంకా అడుగున పాత తోలు సంచి. గుటక వేశాక చాలాసేపు నోట్లోంచి పోలేదు, పోతూ పోతూ మారుతోంది. దానికి ఏ మాట తగిలించాలో వెతుక్కోవడం కూడా అతను మర్చిపోయాడు.

కాబట్టి అతనికి ఎంతో కొంత ముక్కు ఉన్నట్టే. ఒక గ్లాసు కడిగి ఉంటే ఏనాడో తెలిసేది. ఈ లోపల ఎన్ని మంచి పీపాల్ని అడవి తక్కువైందని వెనక్కి పంపేశాడో తలుచుకుంటే అతని మీద జాలిపడాలో, నాలుగు తగిలించాలో తెలియదు.

గబగబా కిందికి దిగాడు. మామగారు కౌంటరు వెనక పేపరు చదువుకుంటున్నారు.

"మామగారూ, ఆ వాసన సరుకులో లేదండీ. గ్లాసుల్లో ఉంది. బీరువా వెనక గొట్టం కారుతోంది. నేను గ్లాసులు కడిగి చూశాను."

మామగారు పేపరు దించారు. "ఎన్ని కడిగావు?"

"మూడండీ."

"మిగతావి ముట్టుకోలేదుగా?"

"లేదండీ."

"హమ్మయ్య" అని మామగారు పేపరు మడిచారు. పెళ్లయినప్పట్నుంచీ అల్లుణ్ని 'మీరు' తప్ప మరో మాట అనని మనిషి, అంత తేలిగ్గా 'నువ్వు'లోకి దిగిపోయారు. అల్లుడికి ఆ సంగతి కాస్త ఆలస్యంగా తగిలింది.

"మీకు ముందే తెలుసా?"

"నేను ఇంట్లో మంచినీళ్ల గ్లాసులో తాగుతాను. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ గొట్టం బాగు చేస్తానని వచ్చిన ప్లంబరుని నేనే వెనక్కి పంపించాను."

"మరి సభ్యులో? వాళ్లూ ఇంటికి పట్టుకెళ్లి తాగుతారు కదండీ."

"తాగుతారు. అడవి రాదు. రాలేదని ఒక్కడైనా నన్ను అడిగాడా? అడిగితే తనకి ముక్కు లేదని ఒప్పుకున్నట్టే కదా. అందుకని నోరు మూసుకుని మళ్లీ ఇక్కడికే వస్తారు. ఇక్కడ వాసన వస్తుంది. ప్రాణం లేచొస్తుంది. ఇంకో సీసా కొనుక్కుని వెళతారు."

"మూడో పీపా చాలా బాగుందండీ. నిజంగా బాగుంది. గ్లాసులన్నీ కడిగేసి, ఉన్నదున్నట్టు చెప్పి, అదే తీసుకుందాం."

మామగారు అతన్ని ఎగాదిగా చూశారు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"ఇన్నేళ్లూ హాయిగా ఉన్నావు కదయ్యా. ఇవాళే కడగాలా?"

మధ్యాహ్నం సభ్యులు వచ్చారు. జడ్జిగారు, కళ్ల డాక్టరు, వాళ్ల వెనక తలలూపే బృందం. ముక్కుగారు ఎత్తు వీపు కుర్చీలో కూర్చున్నాడు, పక్కన ముక్కాలిపీట మీద తోడల్లుడు. బీరువాలోని గ్లాసుల్లో మూడు నమూనాలూ పోసి అందరి ముందూ పెట్టారు. అలవాటు ప్రకారం కళ్లు మూసి ఆ ఒక్క మాటా అనేస్తే చాలు. కుర్చీ, కొట్టు, పేరు, అన్నీ తనవే. సభ్యులు అప్పటికే తలలు సిద్ధంగా పెట్టుకుని ఉన్నారు.

అతను గ్లాసు ఎత్తాడు. స్నానాల గది గుప్పున కొట్టింది. ఆ మాట అనకుండానే గ్లాసు దించేశాడు. అది నిజాయితీ అనుకునేరు, అంత గొప్పదేం కాదు. ఇన్నాళ్లూ లోకం మొత్తాన్నీ చిన్నచూపు చూసినవాడికి, ఆ మాట అంటే తన్ను తానే అలా చూసుకోవాల్సి వస్తుందని దడ పుట్టింది.

"జడ్జిగారూ, దీంట్లో చూడండి" అని, కడిగిన గ్లాసులో ఉంచిన మూడో నమూనా ఆయన చేతికిచ్చాడు. "చేత్తో కాసేపు పట్టుకుని చూడండి."

జడ్జిగారికి కాసేపు పట్టుకునే ఓపిక ఎక్కడిది? టక్కున ముక్కు పెట్టి, టక్కున తీసేశారు. "ఇందులో ఏమీ లేదేమిటయ్యా?"

డాక్టరు అందుకుని, "అడవి లేదు. వాన అసలే లేదు" అని తేల్చాడు. గ్లాసు చేతులు మారుతూ చివరి వరసదాకా వెళ్లి, చివరి వరసలో కూడా ఏమీ లేకుండా తిరిగొచ్చింది.

"ఆ వాసన గ్లాసులదండీ!" అన్నాడతను. గొంతు కీచుమంది. "బీరువా చెమ్మ! గొట్టం కారుతోంది! కావాలంటే ఖాళీ గ్లాసు వాసన చూడండి!"

జడ్జిగారు ఖాళీ గ్లాసు ఎత్తి వాసన చూశారు. అతను కుర్చీలో ముందుకి జరిగాడు.

"చూశారా డాక్టరుగారూ," అన్నారు జడ్జిగారు ఆనందంగా, "గొప్ప సరుకంటే ఇదీ. పోయినసారి పోసింది ఇంకా గ్లాసుని వదల్లేదు!"

గదంతా ఆహా అంది. ఎవరో ఆ మాట రాసుకున్నారు కూడా. ముక్కుగారికి ఒంట్లో బాగున్నట్టు లేదని, జలుబేమో చూపించుకోవాలని డాక్టరు ఆప్యాయంగా సలహా ఇచ్చాడు. కళ్ల డాక్టరుకి ముక్కు సంగతి ఏం తెలుసని ఎవరూ అడగలేదు. ఆ మాటలు మాట్లాడుతున్నవాళ్లందర్నీ ఇలా తయారుచేసింది తనేనని అతనికి తెలుసు. వాసన చూడ్డం నేర్పుతున్నానంటూ ఒక్కొక్కరికీ పక్కన కూర్చుని పాఠం చెప్పాడు. బాగానే నేర్చుకున్నారు.

మామగారు చిన్నల్లుడి వైపు చూసి తల పంకించారు. ఆ కుర్రాడు రెండో నమూనా అందుకున్నాడు, పాకం లాంటిదాన్ని. తిప్పాడు. కళ్లు మూశాడు. ఊపిరి బిగబట్టాడు. నటన కాదు, వాడికి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వాన వెలిసింది" అన్నాడు మెల్లగా. "ఆకుల మీంచి ఇంకా కారుతోంది."

జడ్జిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. డాక్టరు చప్పట్లు మొదలుపెట్టాడు. రెండో పీపా ఖాయమైపోయింది. కుర్చీ ఖాళీ చెయ్యమని ముక్కుగారికి ఎవరూ చెప్పలేదు, అతనే లేచాడు. లేచి ఎక్కడ నిలబడాలో తెలియక గోడకి జరిగాడు. తోడల్లుడు బెరుకుగా, "అన్నయ్యా, మీరు కూర్చోండి, నాకెందుకు" అంటూనే కూర్చున్నాడు.

మామగారు వంగి, కొత్త కుర్చీదారు భుజం తట్టి, "మీ ముక్కు అపురూపమండీ చిన్నల్లుడుగారూ" అని నవ్వారు. పెదాలు కదలకుండా, కళ్లతో మాత్రమే నవ్వే నవ్వు అది. అతనికి బాగా పరిచయం. పెళ్లయినప్పట్నుంచీ ఏటా ఇదే గదిలో అది తన మీద వాలేది. మామగారికి తనంటే ఎంత గౌరవమో చూడమని, ఆ నవ్వు గురించి ఇంటికెళ్లి భార్యకి ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. అన్నింటికీ ఎదురు మాట్లాడే ఆవిడ, తండ్రి నవ్వుని చిన్నప్పట్నుంచీ ఎరిగిన మనిషి, ఆ ఒక్కదానికీ ఎప్పుడూ ఏమీ అనేది కాదు.